రేపల్లె పందిట్లో వన్స్‌మోర్

మా అక్క కుసుమకుమారికి సింగపూర్ పత్రికలో రిపోర్టరు ఉద్యోగం ఎలా వచ్చిందన్న దాని మీద బాపట్లలో మా స్కూలు స్టాఫ్‌రూములో మూడు కథలు నడుస్తున్నాయి. మా బావ పెద్దపెద్దవాళ్ళని పట్టుకుని వేయించాడన్నది ఒకటి. అక్క ఇంగ్లీషు చూసి మురిసిపోయి వాళ్ళే ఇంటికొచ్చి ఇచ్చారన్నది రెండోది. ఈ రెండూ విని నవ్వి ఊరుకుంటాను. మూడోది వింటేనే ఒళ్ళు మండుతుంది. రేపల్లెలో ఉత్తుత్తి నాటకం ఒకటి ఆడించి, జనం చేత అరిపించి, ఫోటోలు తీయించి దొరల కళ్ళకి గంతలు కట్టిందట! మొన్న ఈ మాట అన్నది సైన్సు చెప్పే ఆవిడ. ఆ రోజు ఆవిడ రేపల్లెలో లేదు. నాటకమంటే గిట్టదు. సింగపూర్ ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే తడుముకుంటుంది. అయినా అనేసింది.

ఆ రోజు నేనున్నాను. ఆడవాళ్ళ వైపు, జంపఖానా మీద, అక్క మోకాలికి నా మోకాలు తగిలేట్టు కూర్చున్నాను. ఇప్పుడు అక్క బ్యాంకాక్ నుంచీ మనీలా నుంచీ వ్యాసాలు పంపిస్తుంది, మంత్రుల్ని నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది, విమానం దిగిన చోట ఉప్మా దొరకలేదని నాకు ఉత్తరాలు రాస్తుంది. వీటన్నిటికీ మొదలు ఎక్కడ పడిందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అందుకే చెబుతున్నాను.

మాది కొలకలూరు. మా నాన్న హనుమయ్య వ్యవసాయం చేసేవాడు. అంటే నాటకాలు లేని రోజుల్లో చేసేవాడు. తెనాల్లో నాటకం ఉందంటే చేలో నీళ్ళు పెట్టే పని కూడా పక్క చేనాయనకి అప్పజెప్పి సైకిలెక్కేవాడు. మగపిల్లలు లేరు కాబట్టి ముందు బారు మీద మా అక్క ఎక్కేది. నాకు మధ్యలో నిద్రొచ్చేస్తుందని తీసుకెళ్ళేవాడు కాదు. ఆ కోపం నాకింకా పోలేదు.

మగవాళ్ళ వైపు, నాన్న భుజాల మీద కూర్చుని అక్క నాటకాలు చూసింది. చూడ్డమేంటి, అరిచింది. ఇప్పటి పిల్లలకి చెప్పకపోతే తెలీదు. మా వైపు పద్యనాటకంలో నటుడు పద్యం ఎత్తుకుని, రాగం లాగి లాగి బాగా దింపాడంటే జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేక లేస్తుంది. అంతే, కథ అక్కడ ఆగాల్సిందే. రాజు యుద్ధం మధ్యలో ఉన్నా, రాణితో పోట్లాటలో ఉన్నా, ఆఖరికి ప్రాణం పోయి పడున్నా సరే, లేచి, హార్మోనియం వైపు ఒకసారి చూసి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. అయితే వన్స్‌మోర్ అడగడానికి ఒక చోటుందనేవాడు నాన్న. అయినదానికీ కానిదానికీ అరిచేవాళ్ళని చూస్తే విసుక్కునేవాడు.

అక్క తెనాల్లో బి.ఏ. పూర్తిచేసి అక్కడే ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో చేరింది. కొన్నాళ్ళకి 'కె.కె.' అన్న పేరుతో నాటక సమీక్షలు రాయడం మొదలెట్టింది. మొహమాటం లేదు దానికి. ఒకసారి ఎవరో రాజు వేషం గురించి, "రెండో అంకంలో మహారాజుగారికి జలుబు, మూడో అంకంలో ప్రేక్షకులకు తలనొప్పి" అని రాసి పారేసింది. మర్నాడు ఆ మహారాజుగారు కండువా నడుముకి బిగించుకుని ఆఫీసుకొచ్చాడు.

"ఎక్కడండీ ఆ కె.కె. గాడు?"

అక్క ప్రూఫుల్లోంచి తలెత్తి, "నేనేనండి. కూర్చోండి, కాఫీ తెప్పిస్తాను" అంది.

ఆయన నిలబడ్డ చోటే కండువా విప్పి మొహం తుడుచుకున్నాడు. కాఫీ తాగి, జలుబు మాట నిజమేనని ఒప్పుకుని, వెళ్ళేటప్పుడు మళ్ళీ నాటకానికి తప్పకుండా రమ్మని పిలిచి మరీ వెళ్ళాడు.

అరవై నాలుగులో అక్కకి పెళ్ళయింది. బావ జగన్నాథరావుది రేపల్లె, ఉద్యోగం సింగపూర్ రేవు ఆఫీసులో. మాటలు తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లోనే, "ఇక్కడ రాసేదేదో అక్కడా రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అని పెళ్ళిచూపుల్లో చెప్పాడు. అక్క అక్కడే పడిపోయింది. బావ వాళ్ళమ్మ మాణిక్యాంబగారు మాత్రం సింగపూర్ రానంది. కొడుకు ఎన్నిసార్లు పిలిచినా, "అక్కడ పద్యం ఎవడు పాడతాడ్రా?" అని ఒకటే జవాబు. ఆవిడకి నాటకాల్లో పద్యాలన్నీ నోటికొచ్చు. వడియాలు పెడుతూ పాడేది, ఆవకాయ కలుపుతూ పాడేది. కానీ పందిట్లో మాత్రం నోరు మెదపదు. వన్స్‌మోర్ అడగడం మగవాళ్ళ పని. ఆడవాళ్ళు తలాడించి ఊరుకోవాలి, మనసులో ఎంత ఉన్నా సరే. రేపల్లెలోనే కాదు, మా వైపు ఎక్కడైనా అదే పద్ధతి.

సింగపూర్‌లో అక్క ఒక ఇంగ్లీషు వారపత్రికకి చింతపండు మీద వ్యాసం రాసి పంపింది. వాళ్ళకది నచ్చి వంటల పేజీ అప్పజెప్పారు. మొదట్లో సంతోషించింది. తరవాత ఏళ్ళ తరబడి పులిహోర, కొబ్బరి పచ్చడి, మళ్ళీ పులిహోర. పక్క గదిలో రిపోర్టర్లు చొక్కా చేతులు మడుచుకుని ఊళ్ళ మీదికి పరిగెడుతుంటే, ఈవిడ కరివేపాకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చునేది. "చంద్రా, నాకు పోపు వాసనంటేనే విరక్తి పుట్టేట్టుంది" అని ఆ రోజుల్లో నాకు రాసింది.

అరవై తొమ్మిది చివర్లో ఆ పత్రికలో నాటకాల గురించి రాసే ఆయనకి జ్వరమొచ్చింది. పాసులు వృథా పోతాయని అక్కకిచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన బృందం, పెద్ద హాలు, అందరూ కోట్లూ గౌన్లూ. ఆఖరి అంకంలో ఒక ముసలి నటుడు చచ్చిపోయే ముందు చాలాసేపు మాట్లాడతాడట. ఆ మాటలు విని అక్కకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయట. తనెక్కడుందో మర్చిపోయి, నాన్న భుజాల మీద ఉన్నట్టే గొంతెత్తి, "వన్స్‌మోర్!" అని అరిచింది.

హాలు హాలంతా వెనక్కి తిరిగింది. బావ కుర్చీలో ఎంత కిందికి జారగలడో అంత కిందికి జారిపోయాడు.

మర్నాడు పొద్దున్నే హాలు వాళ్ళు పత్రికకి ఫోన్ చేసి గోలపెట్టారు. ఎడిటరు పార్కర్ అక్కని పిలిచి, అదేం పని అని అడిగాడు. అక్క సంజాయిషీ ఇవ్వలేదు, పాఠం చెప్పింది. మా ఊళ్ళో అది మర్యాదండి, అడక్కపోతే నటుడు బాధపడతాడు, చచ్చిపోయినవాడైనా లేచి పాడి మళ్ళీ చచ్చిపోతాడు అని చెప్పింది. గదిలో ఉన్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పార్కర్ కూడా నవ్వాడు గానీ కళ్ళద్దాలు తీసి దానికేసి చూశాడు.

"చచ్చినవాడు లేవడం నేను నమ్మను. నువ్వు నిజంగా చూశానంటే నాకు ఫోటో కావాలి. ఏప్రిల్లో ఒక రిపోర్టరు కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ ఫోటో తెస్తే కుర్చీ నీది, ఆరు పేజీలు నీవి. తేలేకపోతే వంటల పేజీ నీది. ఎప్పటికీ."

ఈ మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పినప్పుడల్లా 'ఎప్పటికీ' దగ్గర ఆగి, నాకేసి చూసేది.

డెబ్భై ఫిబ్రవరిలో అక్క మద్రాసులో ఓడ దిగి, తెనాలి వచ్చింది. వెంట లిమ్ అనే ఫోటోగ్రాఫరు. చైనా వాళ్ళ మనిషే గానీ పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లో. మెడలో కెమెరాలు, ఎప్పుడూ నవ్వు మొహం. తెనాలి స్టేషన్లో జనం మూగారు. "చైనావాడంట్రోయ్" అని ఒకడు, "కాదురా, జపానాయన" అని ఇంకొకడు. చైనాతో యుద్ధం జరిగి ఎన్నాళ్ళో కాలేదు కదా, ఒక పెద్దాయన అనుమానంగా చూడ్డం మొదలెట్టాడు. అక్క ఆయన దగ్గరికే వెళ్ళి, "సింగపూర్ అతిథి బాబాయ్, మన నాటకాలు చూడ్డానికొచ్చాడు" అంది. అంతే! ఆ బాబాయే దగ్గరుండి లిమ్ సామాను మోయించి, జట్కా ఎక్కించి, టీ కూడా తాగించి పంపాడు.

నటుణ్ణి వెతుక్కుంటూ వాళ్ళు బాపట్ల వచ్చారు. వెతకడానికేముంది, నేను పాఠాలు చెప్పే స్కూల్లోనే ఉన్నాడు. యేసుదాసు మాస్టారు పిల్లలకి సోషలు చెప్పేవారు. లూథరన్ క్రైస్తవ సంఘం ఆయన. ఆదివారం పొద్దున గుళ్ళో కీర్తన అందుకున్నారంటే వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయేవాళ్ళు. అదే గొంతుతో శనివారం రాత్రుళ్ళు కిరీటం పెట్టుకుని రాజుగా పాడేవారు. ధీరవర్మ అనే రాజు కథ మా వైపు పంతులుగారెవరో రాసింది ఒకటుంది. అందులో మాస్టారు చచ్చిపోతే చూడాలి! ఆ రాజు యుద్ధభూమిలో పడిపోయి, తను గెలిచిన ఊళ్ళన్నిటినీ పేరుపేరునా పిలిచి, ఒక్క ఊరూ పలకడం లేదని పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. ఆ పద్యానికి వన్స్‌మోర్ పడని రోజు లేదు.

అక్క అడగ్గానే మాస్టారి మొహం వెలిగిపోయింది.

"వస్తానమ్మా, తప్పకుండా వస్తాను. ఎన్నిసార్లు చావమంటారో చెప్పండి."

"జనం అడిగినన్ని సార్లండి" అంది అక్క.

"అయితే గొంతుకి మిరియాల కషాయం కాచుకోవాలి" అని ఆయన అప్పుడే ఇంటికి బయల్దేరబోతే, ఇంకా రెండు పీరియడ్లున్నాయని నేనే ఆపాను.

నాటకం రేపల్లెలో పెట్టుకున్నారు. అక్కడి నాటక సమాజానికి పెద్ద సుందరయ్యగారు, రైసుమిల్లాయన, బావకి వరసకి బాబాయి. ఆయన ఉత్సాహం చెప్పనలవి కాదు. రంగు ఫోటోకి వెలుతురు కావాలని లిమ్ అన్నాడని, రాత్రి నాటకాన్ని పట్టపగలు మూడింటికి మార్చేశాడు. పందిరి పైకప్పు సగం పీకించాడు. లిమ్ కోసం మిల్లులోంచి పెద్ద కుర్చీ మోయించుకొచ్చి ముందు వరసలో వేయించి, పక్కన సోడాలు పెట్టించాడు. తను పట్టుపంచె కట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన జనంతో పందిరి కిటకిటలాడింది. నేను తెనాలి నుంచి పాసింజర్లో మాస్టారితో కలిసి వచ్చాను. దారి పొడుగునా ఆయన కషాయం సీసా గుండెకి హత్తుకుని కూర్చుని, ఒక్క మాట మాట్లాడలేదు. గొంతు దాచుకుంటున్నారన్నమాట. నాకైతే ఒకటే హడావిడి. ఈ సాయంత్రంతో మా అక్క రిపోర్టరైపోతుంది!

పందిట్లో అక్క, నేను, మాణిక్యాంబగారు ముందు వరసలోనే కూర్చున్నాం. హార్మోనియం శ్రుతి పట్టింది. అప్పుడు సుందరయ్యగారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి. ఈనాడు మన మధ్య విదేశీ అతిథి ఉన్నారు. మన రేపల్లె మర్యాద ప్రపంచానికి తెలియవలసిన సమయం. కనుక ఎవరూ కేకలు వేయరాదు. ఈలలు వేయరాదు. ముఖ్యంగా, వన్స్‌మోర్లు అడగరాదు. నచ్చినచో మెల్లగా చప్పట్లు కొట్టవలసింది. విదేశాల్లో అటులనే చేయుదురు."

అక్క ఇంక ఆగలేదు. లేచి పందిరి పక్కనుంచి ఆయన దగ్గరికి పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను.

"మావయ్యగారూ, ఏంటండీ అలా చెప్పారు? మేమొచ్చిందే వన్స్‌మోర్ కోసమండి! అది లేకపోతే నా ఉద్యోగమే లేదండి!"

సుందరయ్యగారు జాలిగా చూశాడు. "అమ్మాయ్, నువ్వు చిన్నదానివి, నీకు తెలీదు. రేపు ఆ పుస్తకంలో మనం నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నట్టు పడిందనుకో, లోకం ఏమనుకుంటుంది? ఆటవికులనుకోదూ? నీ పరువు కోసమే కదా చెప్పాను."

"నా పరువు సంగతి వదిలెయ్యండి మావయ్యగారూ..."

"నువ్వు వదిలినా నేను వదల్నమ్మా. మా ఇంటి కోడలివి. వెళ్ళి కూర్చో, తెర లేస్తోంది."

ఆయన మీద నాకొచ్చిన కోపానికి ఆ సోడాలన్నీ పగలగొడదామనిపించింది. ఏం లాభం? ఆయన చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. మంచితనంతో కొంప ముంచేవాణ్ణి ఏం చేస్తాం?

లిమ్‌కి సంగతి తెలిసి, అక్క చెవిలో ఏదో చెప్పాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ఏమన్నాడని అడిగాను. నాటకం అయిపోయాక మాస్టార్ని ఒకసారి పడుకుని లేవమందాం, నేను ఫోటో తీస్తాను, ఎవరికి తెలుస్తుంది అన్నాడట.

"తీయించుకోవే" అన్నాను. "నిజంగా జరిగేదేగా!"

"ఇవాళ జరగలేదు కదే" అంది అక్క. "అడక్కుండా లేచిన శవం నాకొద్దు. దానికంటే పులిహోర నయం."

వచ్చి కూర్చుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. సైన్సు టీచరుగారు ఈ ముక్క బాగా వినాలి. దొంగ ఫోటో తీయించుకునే అవకాశం చేతిలోకొస్తే వద్దంది మా అక్క. నా చెవులతో విన్నాను.

నాటకం మొదలైంది. అంత దిక్కుమాలిన నాటకం నా జన్మలో చూళ్ళేదు. నటుల తప్పు కాదు. పట్టపగటి వెలుతుర్లో మొహాలకి పూసిన రంగులు గోడకి పూసిన జాజులా కనిపిస్తున్నాయి. అది పోనీ. మాస్టారు మొదటి పద్యం ప్రాణం పెట్టి పాడి, అలవాటు ప్రకారం ఆగి చూశారు. జనం మెల్లగా, మర్యాదగా, స్కూలు వార్షికోత్సవంలో కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. మాస్టారు బిక్కమొహం వేశారు. రెండో పద్యం ఇంకా గట్టిగా పాడారు. మళ్ళీ అవే చప్పట్లు. మూడో పద్యానికి హార్మోనియం ఆయన కూడా జనం వైపు అనుమానంగా చూశాడు, ఏమైనా తప్పు వాయించానా అని. మగవాళ్ళ వైపు పెదాలు బిగబట్టుకుని కూర్చున్నారు. కొందరైతే పక్కవాళ్ళ తొడలు గిల్లుకుంటున్నారు. సుందరయ్యగారు వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ కళ్ళతోనే అదిమి పెడుతున్నాడు. అంత పందిట్లో ఆ పూట హాయిగా ఉన్నది ఆయనొక్కడే.

మాణిక్యాంబగారు నా పక్క నుంచి గొణుక్కుంటోంది. "అడిగేరోజున అడ్డమైన చోటల్లా అడుగుతారు వెధవలు. ఇవాళ చోటొచ్చినా అడగరు."

ఆఖరి అంకం వచ్చింది. ధీరవర్మ మహారాజు బాణం తగిలి పడిపోయాడు. మాస్టారు మోచేతి మీద లేచి పద్యం ఎత్తుకున్నారు. ఇక ఎవరూ అడగరని తేలిపోయిందేమో, జనం కోసం పాడ్డం మానేశారు. తన కోసం పాడుకున్నారు. గట్టిగా కాదు. ఒక్కొక్క ఊరి పేరూ పిలిచి, జవాబు కోసం ఆగినట్టు ఆగి, ఇంకో పేరు పిలిచి, చివర్న రాగాన్ని అలా పైకి తీసుకుపోయి ఎక్కడో వదిలేశారు. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఆయన తల వాల్చేశారు. పందిట్లో చప్పుడు లేదు. చప్పట్లు కొట్టాలన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు లేదు.

నేను అక్కకేసి చూశాను. బుగ్గల మీద కన్నీళ్ళు ధారలు. ఉద్యోగం, ఫోటో, పార్కరు, ఏవీ ఆ మొహంలో లేవు. అక్క లేచి నిలబడింది. నోరు తెరిచింది. ముందు మాట రాలేదు. సింగపూర్ హాల్లో అంత తేలిగ్గా వచ్చిన మాట అత్తగారి ఊళ్ళో, అత్తగారి పక్కన, ఆడవాళ్ళ వైపునుంచి రావడం అంత సులువా? నేను చెయ్యి పట్టుకోబోయాను. ఈలోగా వచ్చేసింది.

"వన్స్‌మోర్!"

సన్నగా, జీరగా వచ్చింది. కానీ ఆ నిశ్శబ్దంలో చివరి బండి దాకా వినిపించింది. మగవాళ్ళంతా ఒక్కసారి ఇటు తిరిగారు. సుందరయ్యగారు కుర్చీలోంచి లేచి చెయ్యి పైకెత్తాడు.

"ఎవరది? ఆడవాళ్ళలో ఎవరది? చెప్పాను కదా!"

అక్క పని అయిపోయింది. ఊళ్ళో పేరు పోయింది, ఇంట్లో పరువు పోయింది, ఫోటో ఎలాగూ లేదు. స్టేజీ మీద ధీరవర్మ మహారాజు చచ్చి పడుండే ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు. లేవొచ్చో లేదో ఆయనకి తెలీడం లేదు.

అప్పుడు లేచింది మాణిక్యాంబగారు. ఒక చెయ్యి నా భుజం మీద ఆనించి, మోకాళ్ళు పట్టేసినా లెక్కచెయ్యకుండా లేచి నిటారుగా నిలబడింది.

"మా కోడలు సుందరయ్యా! మా కోడలే అడిగింది. సరైన చోట అడిగింది. ఏం, ఏమంటావు?"

"వదినా, విదేశీ అతిథి..."

"అతిథి సోడా తాగుతున్నాడు, ఆయనకేం బాధ లేదు. పద్యం అంత బాగా పాడిన మనిషిని ఊరికే చావనిస్తారటయ్యా?" అని, స్టేజీ వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి, ఆకాశం అదిరేట్టు అరిచింది. "వన్సుమోరూ!"

పూటంతా బిగబట్టుకున్న పందిరి ఒక్కసారి తెగింది. ముందు ఆడవాళ్ళ వైపు నుంచే లేచాయి కేకలు. ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, ఎదిగిన ఆడపిల్లలు, అందరూ వన్స్‌మోరే! ఆ తరవాత మగవాళ్ళు. ఈలలు, టవల్స్ గాల్లోకి, కూర్చున్నవాళ్ళంతా లేచారు. నేను కూడా అరిచాను. నాకే తెలీకుండా సుందరయ్యగారి వైపు తిరిగి అరిచాను. ఆ ఆనందం చెబితే అర్థం కాదు, నా గొంతు మూడు రోజుల దాకా రాలేదు. మాస్టారు ఎలా లేచారనుకున్నారు! కిరీటం పక్కకి ఒరిగిపోయి, ఒంట్లో బాణం అలాగే వేలాడుతూ, నవ్వు ఆపుకోలేక, ఏడుపు ఆపుకోలేక, జనానికి నమస్కారం పెట్టి మళ్ళీ పాడారు. మళ్ళీ చచ్చిపోయారు. జనం మళ్ళీ అడిగారు. మళ్ళీ లేచారు. చివరికి ఆయనే లేచి కూర్చుని, "అమ్మా, మాణిక్యాంబగారూ, కషాయం అయిపోయిందండి" అని చేతులు జోడిస్తే అప్పుడు వదిలారు.

లిమ్ మాత్రం అక్కడుండాల్సినవాడు అక్కడ లేడు. అక్క చుట్టూ వెతికింది. చూస్తే, స్టేజీ మెట్ల మీద, మాస్టారి పక్కనే, జనం వైపు తిరిగి కూర్చుని కెమెరా నొక్కుతున్నాడు. రాజుని తీశావా లేదా అని అక్క కేకేస్తే, తీశానని చెయ్యూపి మళ్ళీ జనం వైపే తిరిగాడు.

వాళ్ళు సింగపూర్ వెళ్ళిపోయారు. మార్చి అంతా కబురు లేదు. నేను రోజూ పోస్టుమాన్ సుబ్బయ్యకి ఎదురెళ్ళేదాన్ని. ఏప్రిల్లో పరీక్షలు జరుగుతుండగా స్కూలుకే వచ్చింది అక్క పత్రిక పుస్తకం, దళసరి కాయితంలో చుట్టి. పిల్లలు రాసుకుంటుంటే నేను బల్ల కింద విప్పాను. చూశాను. యేసుదాసు మాస్టారికి సైగ చేసి, నా గది కూడా ఆయనకి అప్పజెప్పి, ఆ మధ్యాహ్నం రైలే ఎక్కాను. తెనాల్లో బండి మారి రేపల్లె చేరేసరికి మాణిక్యాంబగారి వాకిట్లో సుందరయ్యగారు కూడా ఉన్నాడు. ఎన్నాళ్ళ నుంచో వదినకి కోపం తగ్గిందా లేదా అని రోజూ వచ్చి చూసి పోతున్నాట్ట.

నేను పుస్తకం తియ్యబోతే మాణిక్యాంబగారు ఆగమంది.

"బొమ్మలు తరవాత. ముందు మా కుసుమకి ఆ ఉద్యోగం ఇచ్చారా లేదా, అది చెప్పు."

"ఇచ్చారత్తయ్యగారూ! ఆరు పేజీలూ అక్కవే. పైన పేరు, పేరు కింద రిపోర్టరు అని అచ్చేశారు!"

ఆవిడ అరుగు మీద కూలబడినట్టు కూర్చుంది. సుందరయ్యగారు మాత్రం పుస్తకం లాక్కుని, మధ్య పేజీలు తిప్పేశాడు. బాణంతో లేచి పాడుతున్న మాస్టారు రెండు పేజీల నిండా ఉన్నారు. "పందిరి బాగా పడిందే! మరి నేనేంటమ్మా కనబడను?" అన్నాడు.

"మీరు అట్ట మీద ఉన్నారండి" అన్నాను.

ఆయన పొంగిపోయి అట్ట తిప్పాడు. నిజంగానే ఉన్నాడు. ఒక మూల, పట్టుపంచె అంచూ, ఊరుకోమంటున్న చెయ్యీ. మిగతా అట్టంతా మాణిక్యాంబగారే. చెయ్యి ఆకాశంలోకి, కళ్ళు స్టేజీ మీద, నోరు బార్లా తెరిచి, వెనకాల రేపల్లె ఆడవాళ్ళంతా అప్పుడప్పుడే లేస్తూ.

నాకు భయమేసింది. తలొంచుకుని వీధిలో నడిచే మనిషి. ఊరు ఊరంతా, దేశం దేశమంతా చూసేట్టు ఇలా పడితే ఏమంటుందో! సుందరయ్యగారు కూడా పుస్తకం వెనక దాచబోయాడు. ఆవిడ చెయ్యి చాపి తీసుకుంది. వాకిట్లో వెలుతురు వైపు తిరిగి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేనేనా?"

"మీరేనండి."

"నా నోరు ఇంత పెద్దదా?" అంది. తరవాత సుందరయ్యగారికేసి, నాకేసి చూసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేంటి?"